పండుగనాటి కన్నీరు

పండుగపూట కంట తడి పెట్టరాదని మన పెద్దలు చెబుతారు. ఆనాడు ఇంట్లో పిల్లవాడు ఏడుపు మొదలు పెడితే, చేతిలో తాయిలమేదో పెట్టి ఊరుకోబెడతారు. అమెరికాలో ఇందుకు విరుద్ధమైన అలవాటు ఒకటి ఉన్నది. క్రిస్మస్ సెలవులలో తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు, అమ్మమ్మలు కలిసి బయలుదేరి, టిక్కెట్లు కొనుక్కుని సినిమాహాలులో కూర్చుని, తెరమీద ఒక కుక్క మరణాన్ని చూచి కన్నీరు కార్చి ఇంటికి వస్తారు. సంతోషించవలసిన రోజున డబ్బిచ్చి దుఃఖాన్ని కొనుక్కోవడమేమిటని మనకు అనిపించవచ్చును. కాని పిల్లలకు చదువు చెప్పేవారు కొంచెం ఆగి ఆలోచించదగిన విషయం ఇందులో ఉన్నది.

ఈ కోవలోని చిత్రాలలో ప్రసిద్ధమైనది 'ఓల్డ్ యెల్లర్'. ఫ్రెడ్ గిప్సన్ 1956లో ప్రచురించిన నవల ఆధారంగా డిస్నీ సంస్థ దానిని నిర్మించి, 1957 డిసెంబరు 25న, సరిగా క్రిస్మస్‌నాడే విడుదల చేసినది. కథ 1860ల చివరినాటి టెక్సాస్‌లో జరుగుతుంది. తండ్రి పశువుల మందను తోలుకుని దూరదేశం వెళ్లగా, ఇంటి బరువు పెద్దకొడుకు ట్రావిస్ మీద పడుతుంది. ఎక్కడినుంచో వచ్చిన ఒక పసుపుపచ్చని దొంగకుక్కను అతడు మొదట అసహ్యించుకుంటాడు. అది ఎలుగుబంటి నోటినుంచి తమ్ముణ్ణి కాపాడిన తరువాత ప్రాణంగా చూసుకుంటాడు. చివరకు పిచ్చి పట్టిన తోడేలుతో పోరాడి అది తల్లిని రక్షిస్తుంది. కాని ఆ తోడేలు కాటువల్ల దానికీ రోగం సోకుతుంది. కొట్టులో బంధించి కొన్నాళ్లు చూస్తారు. లక్షణాలు బయటపడినప్పుడు ట్రావిస్ తన చేతులతోనే దానిని కాల్చవలసి వస్తుంది.

సరిగా 51 సంవత్సరాల తరువాత, 2008 డిసెంబరు 25న, 'మార్లీ అండ్ మి' విడుదలైనది. జాన్ గ్రోగన్ అనే పత్రికా రచయిత తన ఇంటి కుక్కను గురించి వ్రాసిన పుస్తకం దానికి ఆధారం. ఇందులో తోడేళ్లు లేవు, తుపాకులు లేవు. కొత్తగా పెండ్లయిన దంపతుల ఇంటికి వచ్చిన అల్లరి లాబ్రడార్ కుక్క, వారి పిల్లలతోపాటు పెరిగి, ముసలిదై మరణిస్తుంది. అంతే కథ. ఆనాటికి క్రిస్మస్ ఒక్కరోజు వసూళ్లలో అమెరికాలో అదే మొదటి స్థానం పొందినది.

ఇంతమంది ఎందుకు వెళ్లినట్లు? కుక్క ఆయుర్దాయం సాధారణంగా పది పదిహేను ఏండ్లు. బిడ్డ పుట్టిననాడు ఇంటికి వచ్చిన కుక్కపిల్ల, ఆ బిడ్డ బడిచదువు ముగించేలోగానే కన్నుమూస్తుంది. కుక్కలను ఇంటివారిగా పెంచుకునే దేశంలో అనేకమంది పిల్లలు మొట్టమొదట చూచే మరణం అదే. ఆ పాఠాన్ని సినిమాహాలు ముందుగా, భద్రమైన దూరంనుంచి, తల్లిదండ్రుల నడుమ కూర్చోబెట్టి చెబుతున్నది. శోకం రంగస్థలం మీద కరుణరసమై ఆస్వాదయోగ్యమవుతుందని మన ఆలంకారికులు ఏనాడో గ్రహించినారు. అయితే ఇక్కడ రసానుభూతికి తోడు మరొక లాభం ఉన్నది. ఎన్నడూ చలించడనుకున్న తండ్రి చీకటిలో కండ్లు తుడుచుకోవడం కొడుకు చూస్తాడు. దుఃఖించడం పిరికితనం కాదని అతనికి వేరే చెప్పనక్కరలేదు. మరి పండుగనాడే ఎందుకంటే, అందరూ ఒకచోట ఉండే తీరిక ఆనాడే గనుక. దుఃఖానికి తోడు కావాలి, తీరిక కూడా కావాలి.

ఈ భావం మనకు పరాయిది కాదు. తిక్కన తెలుగుచేసిన మహాప్రస్థానిక పర్వంలో ద్రౌపది, తమ్ములు ఒక్కొక్కరే నేలకొరిగిన తరువాత ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క మాత్రమే. దానిని విడిచి రమ్మని ఇంద్రుడు పిలిస్తే, నమ్మి వచ్చినదానిని విడిచి తాను స్వర్గానికి రానన్నాడు. ఆ కుక్క ధర్మదేవత అని తేలినది తరువాత. ఆయన నిరాకరించినప్పుడు అది వట్టి కుక్కే. మనలను నమ్మిన ప్రాణికి మనం ఏమి బాకీపడి ఉన్నాము? టెక్సాస్ బాలుని ముందున్న ప్రశ్న కూడా ఇదే.

ఇటువంటి చిత్రాలపై ఆక్షేపణలు లేకపోలేదు. సంగీతంతో, ముసలి కుక్క చూపులతో కన్నీరు రాబట్టడం సులువైన వ్యాపారమని కొందరంటారు. నిజమే. ప్రకటనలలో కుక్క అల్లరి మాత్రమే చూపి, పసివారిని నవ్వుల ఆశతో రప్పించి, చివర గుండె కోయడం న్యాయం కాదు. పిల్లవానికి కథ ఎటు పోతుందో ఒక మాట ముందుగా చెప్పడం పెద్దల విధి. అంతకంటె గట్టి ఆక్షేపణ వేరొకటి. హాలులో ఏడ్చినవాడే బయటికి వచ్చి వీధికుక్కపై రాయి విసిరితే, ఆ కన్నీటి విలువ ఎంత?

కనుక కన్నీరు తెలివిగా మారవలెను. ట్రావిస్ తుపాకి పట్టినది ప్రేమ లేక కాదు, మందు లేక. పాశ్చర్ కుక్కకాటుకు గురియైన బాలునికి టీకా వేసినది 1885లో. అంటే ఆ కథాకాలానికి మరి పదిహేను ఏండ్లు దాటిన తరువాత. నేడు కుక్కలకు వేసే టీకా ఉన్నది, కాటు తిన్న మనిషికి వేసే టీకా ఉన్నది. బొడ్డు చుట్టూ సూదులు పొడిచే పాత పద్ధతి పోయి, భుజానికే వేస్తున్నారు. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవలెనని ప్రతి విద్యార్థికీ తెలియవలెను. అయినా మన దేశంలో ఇంకా ఈ రోగంతో మనుషులు చనిపోతున్నారు. పసరులను నమ్మి ఆలస్యం చేయడం అందుకు ఒక కారణం. ఆ చిత్రం చూచి ఈ సంగతి నేర్వనివాడు సగమే చూచినట్లు.

కన్నీరు వెంటనే కొనుగోలుగా మారే ప్రమాదం కూడా ఉన్నది. కుక్కలు కథానాయకులైన చిత్రాలు విడుదలైన తరువాత, ఆ జాతి కుక్కలకు గిరాకీ పెరిగి, కొన్ని సందర్భాలలో పదేండ్ల వరకు నిలిచినదని 2014లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన తెలిపినది. ముచ్చట తీరిన తరువాత వాటి గతి ఏమిటి? 2022లో వచ్చి తెలుగులోను ప్రదర్శితమైన కన్నడ చిత్రం '777 చార్లీ' ఈ విషయంలో మెచ్చదగినది. అమ్మకానికై దగ్గరి రక్తసంబంధం గల కుక్కలను జతకట్టించి పిల్లలు పుట్టించే దుర్మార్గాన్ని అది కథలోనే ఎత్తి చూపినది.

'ఓల్డ్ యెల్లర్' ముగింపులో పెద్దలు గమనించవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. కుక్కను పూడ్చిపెట్టినప్పుడు, దాని పిల్ల ఉన్నది కదా, తీసుకొమ్మంటే ట్రావిస్ వద్దంటాడు. తరువాత తండ్రి ఇంటికి వచ్చి, జరిగినది జరగలేదన్నట్లు నటించక, ఏడవవద్దని కసరక, కొడుకు పక్కన నిలిచి, కష్టం మనిషిని పడగొట్టే రోజు ఉంటుందని, అయినా మిగిలినదానిలో మంచిని వెదుక్కోవాలని నెమ్మదిగా చెబుతాడు. ఆ తరువాతనే బాలుని మనస్సు కుక్కపిల్లవైపు తిరుగుతుంది. తాయిలం ముందు పెడితే పనిచేయలేదు, మాట తరువాత పెడితే పనిచేసినది.

సెలవులు ముగిసి బడులు తెరిచిననాడు, చూచిన సినిమా ఏదని పిల్లలను అడిగే ఉపాధ్యాయులు మరొక ప్రశ్న కూడా అడుగుదురుగాక: ఎక్కడ ఏడుపు వచ్చినది, ఎందుకు వచ్చినది? జవాబు చెప్పే పిల్లవాణ్ణి చూచి తక్కిన తరగతి నవ్వకుండా చూడగలిగితే, ఆ పూట మంచి పాఠమే జరిగినట్లు.