దొరసాని యను మాట రొట్టెపిండిలో పుట్టినది

పోయిన మాసమున నొక చెలి మాయింటికి వచ్చి, "రాజు భార్యను రాణి యందురు గదా, రాణి మగని రాజనరేల?" యని యడిగినది. విక్టోరియా భర్తయగు ఆల్బర్టును గాని, రెండవ ఎలిజబెత్తు భర్తయగు ఫిలిప్పును గాని రాజని పిలువలేదు. దీనికి సమాధానము వెదకబోయి నేను ఇంగ్లీషువారి పాతమాటలలో జిక్కుకొంటిని. వేయేండ్ల క్రిందటి వారి భాష నేటి ఇంగ్లీషు చదివినవారికి సయితము కొఱుకుడుపడదు. అయినను ఆలుమగల పేరులలో దాని జాడలు చెడక నిలిచియున్నవి.

"వైఫ్" అను మాటకు మూలరూపము "వీఫ్". స్త్రీ యని దానికి మొదటి యర్థము. పెండ్లి యయినను కాకున్నను ఆ పేరే. దానికి "మన్" చేర్పగా నయిన "వీఫ్‌మన్" అరిగి అరిగి "వుమన్" అయినది. ఆ దినములలో మన్ అనగా మనుష్యమాత్రము. మగవానికి వేఱుగ "వెర్" అను పేరుండెడిది. అది మన వీరశబ్దమునకు జుట్టము. మంత్రసానిని నేటికిని "మిడ్‌వైఫ్" అనుటలో పాత యర్థమే కలదు. మిడ్ అనగా తోడు. ప్రసవవేళ తోడుండు స్త్రీ యని భావము.

"హస్బెండ్" ఇంగ్లీషువారి సొంత సొమ్ము కాదు. ఓడలమీద వచ్చి దేశముపై బడిన ఉత్తరదేశీయులు విడిచిపోయిన మాట. "హూస్" ఇల్లు, "బొండి" కాపురమున్నవాడు. వెరసి ఇంటి యజమాని. వేదమున ఏకవచనములో "దంపతి" యనగా ఇంటి యజమానియే యని యెఱిగినవారి కిది వింత కాదు.

నాకు మిక్కిలి నచ్చినవి "లార్డ్", "లేడీ" అను జంట. మనవారు తెల్లవారిని దొర, దొరసాని యని గౌరవముతో బిలిచిరి గదా! లార్డ్ పూర్వరూపము "హ్లాఫ్‌వెయర్డ్", అనగా రొట్టెకు గావలివాడు. లేడీ పూర్వరూపము "హ్లాఫ్‌డీగె", అనగా రొట్టెపిండి పిసుకునది. ఇంటి సేవకునికి "రొట్టె తినువాడు" అని పేరు. ఒకడు కాచును, ఒకడు తినును. మోచేతులవఱకు పిండి పూసికొని పనిచేసినది దొరసాని యొక్కతెయే! "కంపానియన్" అను మాట లాటిను నుండి పరాసువారి మీదుగా వచ్చినదైనను, దానికిని రొట్టెయే మూలము: కలిసి రొట్టె తినువాడు.

ఇక "క్వీన్". దీని పూర్వరూపము "క్వేన్". భార్య యనియు, అందును గొప్పవాని భార్య యనియు నర్థము. మన వేదములోని "జని" శబ్దము దీనికి జ్ఞాతి. దీని సోదరశబ్ద మింకొకటి, "క్వెనె", సామాన్యస్త్రీని దెలుపుచుండి కాలక్రమమున గులటయను నింద్యార్థమునకు దిగజాఱినది. అక్క సింహాసన మెక్కగా చెల్లెలు వీథిపా లయినది.

క్వేన్ అను పేరు సయితము అన్నిచోట్ల సులభముగ దొరకలేదు. వెస్సెక్సు రాజ్యమున రాజు భార్యను రాణి యనరాదనియు, రాజు ప్రక్కన గూర్చుండనీయరాదనియు గట్టడి యుండెను. కారణము ఎడ్బర్గ్ అను నామె. మెర్సియా రాజగు ఆఫా కూతురు. 789లో వెస్సెక్సు రాజగు బెయొర్ట్‌రిక్‌ను బెండ్లాడినది. రాజు మన్ననకు బాత్రుడైన యొక పడుచువానికి విషము పెట్టగా, దానిని రాజును ద్రాగి 802లో మరణించె నట. ఆమె పరదేశమునకు బాఱిపోయి, తుదకు ఇటలీలోని పవియా పట్టణమున బిచ్చమెత్తి చచ్చెనట. 893లో ఈ కథ వ్రాసినవాడు అసర్ అను మతాచార్యుడు. చెప్పినవాడు ఆల్ఫ్రెడ్ రాజు. ఆల్ఫ్రెడ్ తాతను దేశమునుండి వెడలగొట్టినవారు ఈ ఆఫాయు, ఈ బెయొర్ట్‌రిక్కును! శత్రువుల మనుమడు తొంబదియేండ్ల తరువాత జెప్పిన సాక్ష్యమును నేను పూర్తిగ నమ్మజాలను. నేర మామెదే యనుకొన్నను, తరువాత వచ్చిన కోడండ్రు చేసిన పాపమేమి? 856లో ఆల్ఫ్రెడ్ తండ్రి పరాసు రాజపుత్రి జూడిత్‌ను బెండ్లాడి యామెను రాణి యనిపించెను గాని, ఆల్ఫ్రెడ్ సొంత భార్య కా పేరు దక్కలేదు. 973లో బాత్ నగరమున ఎడ్గార్ రాజుతోపాటు ఎల్ఫ్‌త్రిత్ అభిషిక్త యయినది.

చెలి ప్రశ్నకు వత్తును. క్వీన్ అను మాట భార్యయని పుట్టినది గనుక పెండ్లితోనే సంక్రమించును. "కింగ్" పాలించువాని పేరు. పెండ్లితో వచ్చునది కాదు. 1554లో మొదటి మేరీని బెండ్లాడిన స్పెయిను ఫిలిప్పునకు రాజనామము దక్కినది గాని, అది యామె బ్రదికినంతవఱకే. ఆల్బర్టునకు 1857లో "ప్రిన్స్ కన్సార్ట్" అను బిరుదు నిచ్చిరి. కన్సార్ట్ అనగా అదృష్టమున బాలుగలవాడు. 2023లో మూడవ చార్లెసు పట్టాభిషేకమున కమిల్లా క్వీన్ అను పేరుతోనే కిరీటము దాల్చినది.

వ్రాయ మఱచిన మాట యొకటి. "విడో" అనునది మన విధవాశబ్దమే. ఎడబాటను నర్థముగల యొకే మూలమునుండి రెండును వచ్చినవి. భార్య పోయిన పురుషుని ఇంగ్లీషువారు స్త్రీ పేరునకే తోక తగిలించి "విడోయర్" అనిరి. మన యిండ్లలో అట్టివానిని బిలుచుటకు వాడుకమాటయే లేదు; భర్త పోయినదానికి మాత్రము నోట బలుకరానివి నాలుగైదున్నవి.