అన్‌లిమిటెడ్ సిమ్ ట్యాబ్‌లో వేసే ముందు

సౌదీలో ఏ క్యాంపుకి పోయినా ఇప్పుడు ఇదే అడుగుతున్నారు: ఫోన్‌లో ఉన్న అన్‌లిమిటెడ్ సిమ్ తీసి ట్యాబ్‌లో వేసుకోవచ్చా? పిల్లల మొహం పెద్దగా కనపడాలని అందరికీ ఉంటుంది మరి. ట్యాబ్‌కి సిమ్ స్లాట్ ఉంటే చాలావరకు నెట్ వస్తుంది. వైఫై ట్యాబ్ చవక అని కొంటే మాత్రం అందులో స్లాటే ఉండదు, చూసుకోండి.

కొన్ని ప్లాన్లు ట్యాబ్‌లో వేయగానే ఆగిపోతాయి. ప్రతి పరికరానికీ 15 అంకెల ఐఎంఈఐ నంబర్ ఉంటుంది. మొదటి 8 అంకెలను బట్టి అది ఫోనో ట్యాబో నెట్‌వర్క్‌కి తెలిసిపోతుంది. ఇది మాకు నచ్చని పని. మనం డబ్బు పెట్టి కొన్నది డేటా. బియ్యం అమ్మిన బకాలావాడు ఏ గిన్నెలో వండుతున్నావని అడుగుతాడా? పెద్ద స్క్రీన్‌లో డేటా ఎక్కువ కాలుతుంది అంటారు. నిజమే, కానీ ఇన్ని జీబీలు దాటితే స్పీడ్ తగ్గిస్తామని చిన్న అక్షరాల్లో ముందే రాసుకున్నారు కదా. ఇంకో తాళం ఎందుకు?

ఇంత వాదించినా, మెయిన్ సిమ్ ట్యాబ్‌లో వేయొద్దనే మేం అంటాం. కారణం ఓటీపీ. ఇక్కడ మన నంబర్ ఇఖామాకి కట్టేసి ఉంది. అబ్షర్ తెరవాలన్నా, ఇంటికి పైసలు పంపాలన్నా కోడ్ ఆ నంబర్‌కే వస్తుంది. ఐప్యాడ్‌లో సిమ్ వేస్తే నెట్ వస్తుంది గానీ మామూలు ఫోన్ కాల్ రాదు. మెసేజ్ చూపించని ట్యాబులు కూడా ఉన్నాయి. నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు, అర్జెంటుగా పంపాలని కూర్చుంటే కోడ్ ఎక్కడ చూస్తాం? సిమ్ తీసే పిన్ను కోసం మంచాల కింద వెతకాలి. ఊరి నుంచి అమ్మ మామూలు కాల్ చేసినా మనకి తెలియదు.

ఇంకోటి. రూంలో ట్యాబ్ అందరి చేతుల్లో తిరుగుతుంది. ఎవడో ఏదో తప్పుడు పోస్టు పెడితే, ముందు పిలిచేది సిమ్ ఎవరి ఇఖామా మీద ఉందో వాళ్లనే. మనవాళ్లే కదా అని ఊరుకునే విషయం కాదిది.

ప్లాన్‌లో ఉంటే హాట్‌స్పాట్ పెట్టుకోండి. బ్యాటరీ దిగిపోతుంది, ఛార్జర్ పక్కన ఉంచుకుంటే సరి. ట్యాబ్ కోసం విడిగా డేటా సిమ్ తీసుకుంటే ఇంకా మంచిది, అది మీ సొంత ట్యాబ్ అయితేనే. షాపువాడికి డబ్బులిచ్చే ముందే అడగండి: ట్యాబ్‌లో నడుస్తుందా, హాట్‌స్పాట్ ఉందా, ఎన్ని జీబీల తర్వాత స్పీడ్ తగ్గుతుంది? జవాబు నోటితో చెబితే ఒప్పుకోకండి, ప్లాన్ వివరాలు ఫోన్‌లో తెరిచి చూపించమనండి.