కొవ్వెక్కింది ఎవరికి?

మన వాడలో ఎవరైనా తలెత్తి మాట్లాడితే ఊరి నోట వచ్చే మొదటి మాట 'కొవ్వెక్కింది'. ఆ వెనకే 'పెద్దకూర తింటే ఎక్కదా మరి' అన్న ఎత్తిపొడుపు. ఇప్పుడు అదే మాట తెల్లకోటు తొడుక్కొని వస్తోంది: బీఫ్ అంటే కొవ్వు, కొవ్వంటే గుండెజబ్బు. ఉప్పల్, నాచారం బస్తీల్లో విద్యార్థులతో కూర్చున్నప్పుడల్లా మమ్మల్ని ఇదే అడుగుతున్నారు. కాబట్టి కొవ్వు సంగతే తేల్చుకుందాం.

చర్మం కింద పేరుకున్న కొవ్వును కత్తితో తీసేయొచ్చు. కండ పోగుల మధ్య తెల్లటి చారలుగా అల్లుకున్నదాన్ని తీయలేం. ఆ చారలు ఎన్ని అన్నది మేత, వయసుతో పాటు పశువు జాతి మీద కూడా బాగా ఆధారపడుతుంది. జపాన్‌లో వాగ్యూ పశువులను తరతరాలుగా ఆ చారల కోసమే ఏరి పెంచారు. వాటి మేలురకం ముక్కల్లో మూడో వంతుకు పైగా కూడా కొవ్వే ఉండొచ్చు. కొవ్వు ఏ రకం అన్నదాంట్లోనూ జన్యువుల చేయి ఉంది. మేతలోని అసంతృప్త కొవ్వులను పశువు పొట్టలోని సూక్ష్మజీవులు చాలావరకు సంతృప్త కొవ్వులుగా మార్చేస్తాయి. ఆ తర్వాత ఎస్‌సీడీ అనే జన్యువు తయారుచేయించే ఎంజైమ్, స్టియరిక్ ఆమ్లాన్ని ఒలీయిక్ ఆమ్లంగా మారుస్తుంది. పల్లినూనెలో, ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండేది ఈ ఒలీయిక్ ఆమ్లమే. ఆ జన్యువులోని చిన్న తేడాతో వాగ్యూ కొవ్వు కరిగే ఉష్ణోగ్రత మారుతుందని జపాన్ పరిశోధకులు చూపారు.

మన పశువుల కథ వేరు. ఒంగోలు ఎద్దును నాగలికీ బండికీ పెంచారు, చారల కోసం కాదు. బ్రెజిల్ వెళ్లి 'నెలోర్' పేరుతో ఆ దేశపు మాంసం వ్యాపారానికి వెన్నెముక అయింది ఈ జాతే (పేరు మన నెల్లూరుదే). అక్కడి పరిశోధకులు దాని కండలోని కొవ్వుకు ఏ జన్యువులు కారణమో వెతుకుతున్నారు. మన దుకాణాల్లో దొరికేది ఎక్కువగా దున్నపోతు, బర్రె మాంసం. దాని కండలో కొవ్వు చాలా తక్కువ, మామూలుగా ఒకటి రెండు శాతం. పాశ్చాత్య దేశాల స్టేక్ మీద వచ్చిన హెచ్చరికను యథాతథంగా మన పళ్లెం మీద అతికించడం సైన్సు కాదు. అలాగని కొవ్వంతా అమాయకం అనడం లేదు. పామిటిక్ ఆమ్లం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. చేతిలో డబ్బు తక్కువైతే కొవ్వు ముక్కలే కొనుక్కుంటాం. ఆ తప్పు జన్యువులది కాదు.

ఇదంతా తేల్చగల సంస్థలు మన పక్కనే ఉన్నాయి. హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్ దాటితే చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ. కానీ మాంసం ముక్కను డీఎన్ఏ పరీక్షకు పంపేటప్పుడు పోలీసులు అడిగేది ఒకటే: ఆవా, బర్రా? మన రాష్ట్రంలో 1977 చట్టం ఆవును కోయడాన్ని నిషేధించింది. పనికిరాని ఎద్దును, దున్నపోతును అధికారి సర్టిఫికెట్‌తో కోయొచ్చు. బర్రె కొవ్వు తెల్లగా, ఆవు కొవ్వు పసుపుగా ఉంటుందని కసాయి అన్నలు చూసి చెబుతారు. రోడ్డు మీద బండి ఆపే గుంపుకు ఆ ఓపిక కూడా ఉండదు. 2015లో దాద్రీలో మహమ్మద్ అఖ్లాక్‌ను కొట్టి చంపాక, మాంసం నమూనాను ల్యాబ్‌కు పంపారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. శరీరం తేలిగ్గా తీసుకోగల ఇనుము పెద్దకూరలో ఉంది. పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికల్లో బీఫ్ కూడా ఉంది. మనకు కావాల్సింది ఇంకా దగ్గరి లెక్క: మన దుకాణంలోని దున్నపోతు తొడ, డొక్క, ఎండబెట్టిన తునకలు, ఒక్కోదాంట్లో ఏ కొవ్వు ఎంత? ఉస్మానియాలో జీవరసాయన శాస్త్రం చదువుతూ ప్రాజెక్టుకు అంశం వెతుక్కుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, నమూనాకు పావుకిలో చాలు. ఆదివారం పొద్దున నాచారం రండి, కలిసి కొందాం.