గ్రంథాలయ పన్ను ఎవరి సొమ్ము?

స్థానిక సంస్థల ఆదాయ వ్యయ పట్టికలో లోటు ఏర్పడినప్పుడు ఆ లోటు భారం అన్ని పద్దులపైనా సమానంగా పడుతుందనుకోవడం సరికాదు. విద్యుత్తు బకాయి చెల్లించకపోతే వీధి దీపాలు ఆరిపోతాయి. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు ఆగితే మూడవ నాటికి ఊరంతా ముక్కు మూసుకోవలసి వస్తుంది. గుత్తేదారు తన బిల్లు కోసం కార్యాలయం మెట్ల మీదనే కూర్చుంటాడు. కాని శాఖా గ్రంథాలయానికి ఈ ఏడు కొత్త పుస్తకం ఒక్కటీ రాలేదంటే అడిగేవారెవరు? పాఠకులు పాత సంచికనే తిరగవేసి మౌనంగా ఇంటికి పోతారు. అందువల్ల ఇబ్బంది కాలంలో కత్తెర ముందుగా పడేది అక్కడే. నిజానికి మన ప్రాంతంలో గ్రంథాలయాలకు జరుగుతున్నది కోత అని కూడా అనరాదు. ప్రజలు వాటి పేరిట ప్రత్యేకంగా చెల్లించిన సొమ్మే వాటికి సక్రమంగా అందడం లేదు.

ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను, అనగా కార్యాలయ భాషలో లైబ్రరీ సెస్సు, కలిసి ఉంటుందన్న సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలియకపోవచ్చు. వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టే గృహస్థు దానిపైన మరి ఎనభై రూపాయలు గ్రంథాలయాల కోసం కడుతున్నాడు. అద్దె ఇళ్ళలో ఉన్నవారు దీనికి వెలుపలివారు కారు. యజమాని కట్టినది అద్దెలో కలిసి వారి మీదికే వస్తుంది. 1960వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఈ పన్నును పురపాలక సంఘాలు, పంచాయతీలు వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పుస్తకాలు కొని శాఖలను నడపవలసినది ఆ సంస్థ. వసూలు చేసేవారు ఒకరు, ఖర్చు చేసేవారు మరొకరు. చిక్కంతా ఈ ఇద్దరి నడుమనే ఉన్నది.

ఈ చట్టం వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. 1891లో హైదరాబాదులో అసఫియా గ్రంథాలయం, 1901లో అదే నగరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిశాయి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషి వల్ల బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువలలో పడవ మీద పుస్తకాలు పంపి పల్లెలకు అందించారు. ఇదంతా చందాలతో, దాతల ఔదార్యంతో నడిచిన ఉద్యమం. దాత మరణిస్తే గ్రంథాలయం గతి ఏమిటన్న ప్రశ్నకు లభించిన సమాధానమే గ్రంథాలయ పన్ను. 1948లో మద్రాసు రాష్ట్రం ఎస్. ఆర్. రంగనాథన్ గారి ప్రేరణతో చట్టం చేసి ఇంటి పన్ను రూపాయికి అర్ధణా విధించింది. 1955లో హైదరాబాదు రాష్ట్రమూ తన చట్టాన్ని చేసుకున్నది. ఆ రెండింటి స్థానంలో వచ్చినదే 1960 నాటి చట్టం. గ్రంథాలయ పోషణను ఏ ఏటి బడ్జెట్టు దయకూ వదలరాదన్నదే ఆ పెద్దల ఉద్దేశం.

పురపాలక సంఘాల ఇబ్బందులను నేను తక్కువ చేసి చెప్పడం లేదు. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వాటికి పద్దెనిమిది విధులను చూపింది గాని, నిధుల సంగతిని రాష్ట్రాల ఇష్టానికి వదిలివేసింది. (అదే కాలపు 73వ సవరణ పంచాయతీల విధుల పట్టికలో గ్రంథాలయాలను పేరు పెట్టి చేర్చింది, పేరు చేరినంత మాత్రాన పుస్తకాలు చేరవు.) 2017లో వచ్చిన జీఎస్టీ ప్రకటనల పన్ను వంటి చిన్న రాబడులను సైతం తనలో కలుపుకున్నది. 2021 నుంచి 2026 వరకు పదిహేనవ ఆర్థిక సంఘం చిన్న పట్టణాలకు ఇప్పించిన గ్రాంట్లలో అరవై శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడినవి. తక్కిన నలభై శాతాన్ని జీతాలకు వాడరాదు. ఇట్టి స్థితిలో నెలాఖరున ఖాతాలో కనిపించే ఏ రూపాయి అయినా కమిషనరుకు ఆశ పుట్టించడం సహజం. ఒక చేతిలో చీపురు పట్టిన కార్మికురాలి జీతపు పట్టీ, మరొక చేతిలో గ్రంథాలయ సంస్థకు పంపవలసిన చెక్కు ఉంటే ఆయన మొదటి దానిపైనే సంతకం చేస్తాడు. ఆయన స్థానంలో నేనున్నా ఆ పూటకు అదే చేస్తానేమో.

కాని ఆ ఒక్క పూట ఏళ్ళ తరబడి సాగుతున్నది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు బకాయి పడిన వార్తలు పత్రికలలో మళ్ళీ మళ్ళీ వస్తున్నవే. మన ఇళ్ళలో అమానతు అనే మాట పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకరు దాచమని ఇచ్చిన సొమ్ము మన పెట్టెలో ఉన్నంత మాత్రాన మనది కాదు. ఇంట పొయ్యి వెలగకపోయినా దానిని ముట్టుకునే ముందు ఇచ్చినవారిని అడగాలి. పురపాలక సంఘం చేతిలో గ్రంథాలయ పన్ను సరిగ్గా ఇట్టి అమానతే. విధిలేక వాడుకున్నారే అనుకుందాము. అప్పుడు కౌన్సిలులో తీర్మానం చేసి, ఎంత వాడుకున్నదీ, ఎన్నటికి తిరిగి చెల్లించేదీ చిట్టాలో రాయాలి. అలా రాయని వాడకానికి పొదుపు అనే గౌరవనామం తగదు.

ధనిక దేశాలలోనూ గ్రంథాలయాలకు కోతలు తప్పడం లేదని కొందరు అంటారు. నిజమే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగర మండలి 2023 సెప్టెంబరులో తన ఖర్చులకు తగిన నిధులు లేవని చట్టప్రకారం బహిరంగంగా ప్రకటించింది. ఆ మీదట గ్రంథాలయాలపైనా వేటు పడింది. ఆ వేటును నేను సమర్థించను. అయితే అక్కడ ప్రతిపాదనను కాగితం మీద పెట్టి పౌరుల అభిప్రాయం అడిగారు. కాదనదలచినవారికి కాదనడానికి ఒక నిర్ణయమంటూ ఎదురుగా ఉన్నది. మనకు అదీ లేదు. మన శాఖా గ్రంథాలయాన్ని మూసివేయమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. తలుపు వేళకు తెరుచుకుంటుంది, బోర్డు కనిపిస్తుంది. పత్రికల చందాలు ఒక్కొక్కటే ఆగిపోతాయి, పంకా తిరగడం మానుతుంది, పదవీ విరమణ చేసినవారి కుర్చీ ఖాళీగా ఉండిపోతుంది.

ఈ నష్టం మన కళాశాల గోడల దాకా వచ్చినదే. ఒకే గది ఉన్న ఇళ్ళ నుంచి వచ్చే విద్యార్థినీ విద్యార్థులు మనలో ఎందరో ఉన్నారు. పోటీ పరీక్షల పుస్తకం వెల ఆ ఇంటి వారం రోజుల వెచ్చాలకు సమానం. ఫోనులో అన్నీ దొరుకుతున్నవి గదా అనేవారికి, ఆ ఫోను ఇంటిలో ముగ్గురికి ఒకటనీ, కుర్చీ, దీపం, నిశ్శబ్దం అందులో దొరకవనీ తెలియదు కాబోలు. అంతేకాక పుస్తకాల సొమ్ము కురచ అయినప్పుడు మొదట ఎండిపోయేది ఉర్దూ అలమర. చదివేవారు లేరని చెబుతారు. ఏళ్ళ తరబడి కొత్త పుస్తకం రాని అలమర దగ్గరికి చదువరి ఎందుకు వస్తాడు? పూర్వపు అసఫియా, నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, అఫ్జల్‌గంజ్‌లో ఉర్దూ, తెలుగు, ఫార్సీ, అరబ్బీ గ్రంథాలను ఒక్క కప్పు కిందికి తెచ్చిన చోటు. చిన్న ఊళ్ళలో ఉర్దూ పిల్లలూ తెలుగు పిల్లలూ ఒకే బల్ల దగ్గర చదువుకునే బహిరంగ స్థలం శాఖా గ్రంథాలయం తప్ప మరేది ఉన్నది?

ఉపాయం దుర్లభమైనది కాదు. పన్ను వసూలు ఇప్పుడు ఎక్కువగా కంప్యూటరు ద్వారా జరుగుతున్నది. రసీదు పుట్టిన క్షణంలోనే ఎనిమిది పైసలను విడదీసి గ్రంథాలయ సంస్థ ఖాతాకు పంపవచ్చు. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్టులో పదవ వంతును పచ్చదనానికి ప్రత్యేకించమన్నది. మొక్కలకు చేయగలిగిన కట్టుబాటు పుస్తకాలకు చేయలేకపోవడానికి కారణం నాకు కనిపించదు.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. కళాశాల కార్యవర్గ సభ్యులలో ఇంటి పన్ను కట్టేవారు అనేకులు. గత ఐదేళ్ళలో గ్రంథాలయ పన్నుగా వసూలైనది ఎంత, గ్రంథాలయ సంస్థకు జమ చేసినది ఎంత అని వారు తమ వార్డు సభ్యుని ద్వారా కౌన్సిలులో అడిగించవలసినదిగా ప్రార్థన. అర్థశాస్త్ర విద్యార్థులు ఇవే రెండు ప్రశ్నలతో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు. ముప్పై రోజులలో సమాధానం ఇవ్వవలసిన బాధ్యత కార్యాలయానికి ఉన్నది. ఆ అంకెలు చేతికి వస్తే వచ్చే ఏటి సంచికలో ఉర్దూ విభాగంలోనూ, తెలుగు విభాగంలోనూ అచ్చు వేయడానికి సంపాదక వర్గం ఒక పుట కేటాయించగలదని నమ్ముతున్నాను.