వదంతి వేగమునకు కళ్ళెము

దమ్మపేట వంటి సరిహద్దు మండలములకు పరాయివాడు వింత కాడు. మిరపకోతల కాలమున ఛత్తీస్‌గఢ్ కూలీలు ఖమ్మము, భద్రాచలము ప్రాంతములకు వలస వత్తురు. వారిలో తెలుగు రానివారు అనేకులు. దుప్పట్లు అమ్ముకొనువారు ఊరూర తిరుగుదురు. అట్టివారికి గ్రామము మంచినీళ్ళిచ్చునా, కఱ్ఱ ఎత్తునా అనునది ఒక్కొక్కప్పుడు చేతిలోని ఫోనుపై ఆధారపడుచున్నది. సామాజిక మాధ్యమములను ప్రభుత్వము నియంత్రింపవలెనా అను ప్రశ్నను ఈ గడపయొద్ద నిలిచి విచారించుట మేలు.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాప్ సందేశములు తెలుగు రాష్ట్రములను కలవరపెట్టెను. ఆ వదంతికి హైదరాబాదులో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ బలియయ్యెను. అదే సంవత్సరము జూలై 13న హైదరాబాదు యువకుడొకడు మిత్రులతో బీదరు జిల్లాకు పోగా, ఆ బృందములోనివారు పిల్లలకు చాక్లెట్లు పంచిరి. అనుమానించినవారి సందేశము వారి కారుకంటె ముందుగా ముర్కి గ్రామము చేరెను. అచ్చట దారికి అడ్డుకట్టి కాచియున్న గుంపు ఆ యువకుని కొట్టి చంపెను.

అబద్ధమునకు నిజమే మందు, చట్టమేల అని కొందరందురు. ముర్కిలో నిజము చేరునప్పటికి ప్రాణము పోయినది.

అట్లని ప్రభుత్వమునకు హద్దులేని అధికారమిచ్చుట ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుటయే. సమాచార సాంకేతిక చట్టములోని 66ఎ సెక్షను చిరాకు కలిగించు వ్రాతను సైతము నేరముగా నెంచెను. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ముంబయి బందును ప్రశ్నించుచు ఫేస్‌బుక్కులో వ్రాసిన యువతిని, ఆ వ్రాతను మెచ్చిన మరొక యువతిని అరెస్టు చేసిరి. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసెను. ప్రభుత్వమునకు సంబంధించిన వార్తల సత్యాసత్యములను ప్రభుత్వ విభాగమే తేల్చునట్లు 2023లో చేసిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో త్రోసిపుచ్చెను. వాదియే న్యాయాధిపతి యగుట తగదు గదా!

కావున అదుపు చేయవలసినది అభిప్రాయమును కాదు, వేగమును. 2018 జూలైలో ప్రభుత్వపు హెచ్చరిక పిమ్మట వాట్సాప్ సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపరాదని పరిమితి విధించెను. ఎవరి నోరును మూయలేదు. ఎవరిని చెరసాలకు పంపలేదు. అయినను అది చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట. సంస్థ తనంతట ఇచ్చినదానిని తానే తీసివేయవచ్చును. అట్టి పరిమితులను చట్టము శాసింపవలెను. ఏ వ్రాతనైన తొలగింపుమని ప్రభుత్వము ఆజ్ఞాపించినచో కారణములు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. బాధితునకు న్యాయస్థానపు తలుపు తెరచియుండవలెను.

చట్టము పోలేని చోటికి మనిషి పోవలెను. 2018లో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధిపతి రెమా రాజేశ్వరి తన సిబ్బందిని గ్రామములకు పంపి, పాటతో డప్పుతో వదంతుల గుట్టు విప్పించెను. ఆ పని పాఠశాల నిత్యము చేయగలదు. ఇది ఎవరు పంపిరి, ఎప్పటిది, ఎవరు కన్నులార చూచిరి అను మూడు ప్రశ్నలు అభ్యసించిన బాలుడు ఇంట నున్నచో, తెలుగు రాని బాటసారికి ఆ యింట కఱ్ఱ కాక మంచినీరే లభించును.