మందు లేదని పేరు కూడా పెట్టవద్దా?

“మందు లేని జబ్బుకు పరీక్షలెందుకండీ, డబ్బు దండగ!” ఈ మాట చదువుకోనివారంటే ఊరుకోవచ్చును. చదువుకున్నవారు, అందునా వైద్యవృత్తిలో ఉన్నవారు కొందరు అంటూంటే విని ఊరుకోవడం నా చేత కావడం లేదు. కనుక ఈ టపా. కాస్త ఘాటుగా ఉంటుంది, మిత్రులు మన్నించాలి.

నేను చెప్పబోయేది పసిపిల్లల మెదడును కొద్దికొద్దిగా హరించే కొన్ని అరుదైన వ్యాధుల సంగతి. ఇంగ్లీషువారు స్టోరేజ్ డిసీజెస్ అంటారు. ‘సంచయ వ్యాధులు’ అని నేననుకుంటున్నాను (ఇంతకన్న మంచి మాట తోచినవారు చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను). మన ఒంట్లో దాదాపు ప్రతి జీవకణంలోను లైసోజోములనే చిన్న సంచులుంటాయి. క్రిస్టియన్ ద డూవ్ అనే బెల్జియం శాస్త్రజ్ఞుడు 1955లో వీటిని లోకానికి తెలియజేశాడు. కణంలోని పాత సరుకును విరగగొట్టడం వాటి పని. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క ఎంజైము. వాటిలో ఏ ఒక్కటి పుట్టుకతో లోపించినా ఆ సరుకు అక్కడే పోగుపడుతుంది. ఊడ్చేవారున్నారు, ఎత్తిపోసేవారు లేరు, ఇల్లేమవుతుంది? ఇటువంటి వ్యాధులు యాభైకి పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటికి తొలి ఆహుతి మెదడే.

టే-శాక్స్ వ్యాధినే చూడండి. 1881లో లండనులో వారెన్ టే అనే కంటివైద్యుడు ఒక పసిబిడ్డ కంటి లోపలి పొరమీద చెర్రీపండు వంటి ఎర్రని చుక్కను చూశాడు. (మనవాళ్ళు చూసి ఉంటే గురివింద గింజ అనేవారేమో! రంగు మట్టుకే సుమా.) ఆరేళ్ళ తరువాత న్యూయార్కులో బెర్నార్డ్ శాక్స్ ఆ జబ్బునే మెదడు వైపునుంచి వర్ణించాడు. హెక్సోసామినిడేజ్-ఎ అనే ఎంజైము లేకపోవడమే కారణమని 1969లో తేలింది. అంటే ఒక చిన్న పరికరంతో కంటిలోకి చూడగలవారు నూట నలభై ఏళ్ళనాడే అనుమానించగలిగిన జబ్బు ఇది. నేడు కాస్త రక్తం తీసి ఎంజైమును కొలిస్తే తేలిపోతుంది. అయినా మన ఊళ్ళలో ఎందరు బిడ్డలు పేరులేని జబ్బుతోనే వెళ్ళిపోతున్నారు!

నాకు తెలిసిన ఒక కుటుంబం ఉన్నది. బిడ్డ ఆరో నెలలో ఆసరాతో కూర్చున్నాడు, పదో నెలకు మెడ నిలపలేకపోయాడు. వంటింట్లో గిన్నె పడితే చాలు, ఒళ్ళంతా ఝల్లుమనేవాడు. పెద్దలు దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. పట్నంలో ఒక డాక్టరుగారు “కొందరికి ఆలస్యం, మెల్లగా వస్తుందిలే” అని టానిక్కు రాసి పంపారు. మరొకరు నేను పైన చెప్పిన దండగ మాట సెలవిచ్చారు. జబ్బు పేరు తెలిసేసరికి రెండవ బిడ్డకు మూడవ నెల. ఆ బిడ్డకూ అదే.

ఇక్కడ నేను తెలుగు పంతులుగా ఒక మాట అడుగుతాను. ఆలస్యం కావడం, వచ్చినది పోవడం ఒకటేనా? నడక రాని పిల్ల వేరు, వచ్చిన నడకను మరచిన పిల్ల వేరు. క్రియలోనే భేదం ఉన్నది! ఈ రెండింటిని ఒకే గాటన కట్టి ‘ఎదుగుదల తక్కువ’ అని చీటీ మీద రాసెయ్యడం భాషాదోషం మాత్రమే కాదు. ఆ చీటీ చేతబట్టుకుని తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ కూర్చుంటారు.

బడిలోనూ ఇదే తంతు. శాన్‌ఫిలిపో అనే సంచయ వ్యాధిలో పిల్లవాడు కుదురుగా ఉండడు, నిద్రపోడు, వచ్చిన మాటలు పోగొట్టుకుంటాడు. వాడికి అల్లరివాడని పేరు, కాకుంటే ఆటిజమని. బాటెన్ వ్యాధిలో ఒక రకానికి నాలుగేళ్ళకూ ఏడేళ్ళకూ నడుమ చూపు మందగిస్తుంది, తరువాత చదువు, ఆపైన మూర్ఛలు. ఇటువంటి పిల్లవాణ్ణి బల్లెక్కించి నిలబెట్టిన బడులు లేవని ఎవరైనా ప్రమాణం చేయగలరా?

సరే, పేరు తెలిస్తే ఒరిగేదేమిటి? మొదటిది, మరుసటి కానుపు. ఈ వ్యాధులలో అధికభాగం తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు లోపపు జన్యువులు కలిస్తేనే వస్తాయి. ప్రతి కానుపులోను నాలుగింట ఒక వంతు అవకాశం. ‘నాలుగో బిడ్డకు వస్తుంది’ అని కాదు, ప్రతిసారీ అంతే. పేరు తెలిస్తే గర్భం మూడవ నెలలోనే పరీక్ష చేయించుకుని, ఏమి చేయాలో ఆ దంపతులే నిర్ణయించుకోవచ్చు. రెండవది, మందు లేదన్న మాట అన్ని వ్యాధులకూ చెల్లదు. బాటెన్ వ్యాధిలోనే సీఎల్ఎన్2 అనే రకానికి రెండు వారాలకొకసారి మెదడులోకే ఎంజైమును ఎక్కించే చికిత్సకు 2017లో అమెరికా అనుమతించింది. మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీకి జన్యుచికిత్స యూరపులో 2020లో, అమెరికాలో 2024లో వచ్చింది. కళ్ళు తిరిగే ఖరీదు, నిజమే. కాని ముఖ్యమైన సంగతి మరొకటి: ఆ చికిత్స బాగా పనిచేసేది లక్షణాలు కనబడకముందు. లక్షణాలే లేని బిడ్డకు జబ్బున్నదని ఎలా తెలుస్తుంది? తరచుగా అన్నకో అక్కకో అంతకుముందే జబ్బు పేరు తేలి ఉండడం వల్ల! మొదటి బిడ్డకు చేసిన ‘దండగ’ పరీక్ష రెండవ బిడ్డకు ప్రాణం.

టే-శాక్స్ యూదులలో ఒక శాఖవారికి ఎక్కువ. వారు విధి అని కూర్చోలేదు. 1971లో అమెరికాలో మైకేల్ కాబాక్ అనే వైద్యుడు రక్తపరీక్షలు మొదలుపెడితే ప్రార్థనా మందిరాలలోనే బారులు తీరారు. తొంభై శాతానికి పైగా ఆ జబ్బు వారిలో తగ్గిపోయింది. నలుగురు బిడ్డలను దానికే పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే మతగురువు 1983లో దోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. సంబంధం కుదుర్చుకునే ముందే ఇద్దరి రక్తమూ చూసి, పొంతన ఉన్నదో లేదో మాత్రం చెబుతారు. మనమూ పొంతనలు చూస్తాం కదా! నాడీదోషం పేరిట మంచి సంబంధాలను వదులుకుంటాం. జాతకం చూపవద్దని నేననను, పక్కనే రక్తాన్ని కూడా చూపమంటాను, ముఖ్యంగా ఇంటివంశంలో అటువంటి బిడ్డ పోయి ఉంటే.

మేనరికాలను తిట్టిపోసే సంస్కర్తలతోను నాకు కొంత పేచీ ఉన్నది. మేనబావను చేసుకున్నవారి బిడ్డలలో పదహారింట ఒక వంతు, మేనమామను చేసుకున్నవారి బిడ్డలలో ఎనిమిదింట ఒక వంతు జన్యువులు ఒకే పూర్వీకుని నుంచి రెండు దారులా వచ్చి కలుస్తాయి. ప్రమాదం పెరుగుతుంది, కాదనను. కాని అయినవాళ్ళను చేసుకోనివారికీ ఈ జబ్బులు వస్తున్నవి. తిట్టడం వల్ల జరిగేదల్లా ఒకటే: ఆ నింద వెళ్ళి తల్లి మీద పడుతుంది, ఆమె ఆసుపత్రి గడప తొక్కడానికే భయపడుతుంది. లోపం సగం తండ్రిదని ఆ అత్తగారికి చెప్పేదెవరు?

మనకు దారి లేకపోలేదు. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద విశిష్ట కేంద్రంగా గుర్తింపు పొందాయి. చికిత్స ఉన్న జబ్బులకు ఇచ్చే సాయాన్ని 2022లో యాభై లక్షల దాకా పెంచారు. ఏళ్ళ తరబడి సాగే చికిత్సలకు అది చాలదు, ఆ పోరాటం వేరే చేయవలసినదే. కాని ఆ గడప దాకా బిడ్డ చేరాలంటే, ముందు ఊళ్ళో ఎవరో ఒకరు, అంగన్‌వాడీ అమ్మో ఆశా కార్యకర్తో పిల్లల డాక్టరో, “ఇదివరకు చేసినదేదైనా ఇప్పుడు మానేశాడా అమ్మా?” అని అడగాలి. తల్లి అవునంటే నమ్మాలి.

నమ్మరేమోనన్న శంక ఉన్నవారికి ఒక ఉపాయం. ఇప్పుడు ప్రతి ఇంట్లోను సెల్‌ఫోను ఉన్నది, బిడ్డ బోర్లాపడిన రోజు, కూర్చున్న రోజు తీసిన వీడియోలుంటాయి. వాటిని చెరపకండి. తేదీలతో సహా డాక్టరు ముందు పెట్టండి.