వెన్ను వంపు, పెళ్లి బెంగ

పన్నెండేళ్ల అమ్మాయికి ఒక భుజం ఎత్తుగా, వీపు ఒక పక్క ఉబ్బెత్తుగా కనిపిస్తే మన ఇళ్లలో మొదట లేచే మాట వైద్యం గురించి కాదు. నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావన్నదే. స్కోలియోసిస్ అనే ఈ వెన్ను వంపుకు చాలామంది పిల్లల్లో కారణం తెలియదు. ఇది ఎవరి పాపమూ కాదు, బడిసంచి బరువూ కాదు. అయితే దీని చికిత్సకు గడువుంది. ఎముకలు ఎదుగుతున్నంత కాలమే బ్రేస్ పనిచేస్తుంది. సాధారణంగా వంపు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు దానిని సూచిస్తారు. 50కి చేరితే శస్త్రచికిత్స ప్రస్తావన వస్తుంది. 2013లో వెలువడిన అమెరికా, కెనడా అధ్యయనంలో బ్రేస్ తొడిగిన పిల్లల్లో 72 శాతం మందికి ఎదుగుదల ముగిసేదాకా వంపు 50కి చేరలేదు. బ్రేస్ లేకుండా గమనించినవారిలో 48 శాతం మందికే ఆ మేలు దక్కింది. అందరికీ బ్రేస్ అక్కరలేదని కూడా ఈ లెక్కే చెబుతోంది. ఏ బిడ్డకు అవసరమో ఎక్స్‌రే చూసి ఎముకల వైద్యుడు తేల్చాలి, చుట్టాలు కాదు.

పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు కట్టేది, దీనికి కాదు. దువా చేద్దాం, దవా ఆపవద్దు. బ్రేస్ దుస్తుల లోపల ఇమిడిపోతుంది. దాచిపెట్టి పోగొట్టుకున్న ఏడాది మాత్రం తిరిగి రాదు.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల పిల్లలను పరీక్షిస్తోంది. గుర్తింపు లేని మదరసాలలో ఉండి చదివే ఆడపిల్లల వెన్ను చూసేదెవరు? బిడ్డను ముందుకు వంచి వీపు గమనించడానికి ఒక్క నిమిషం చాలు. మహిళా ఆరోగ్య సిబ్బందిని అక్కడికీ పంపాలని, బ్రేస్ ఖర్చు పేద తల్లిదండ్రులపై పడకుండా చూడాలని మేము ప్రభుత్వాలను కోరుతున్నాం. వారు వచ్చిన రోజున మదరసా కమిటీలు తలుపు తెరిచి ఉంచాలి.